అంబాసిడర్‌కు అభిముఖ ధ్రువపత్రం

పెదలంకపురం మునిసిపాలిటీలో వెనక్కి నడవడం నేరమైన ఏడాదే అబ్బులుకి యాభై ఏడు నిండాయి. అప్పటికి ముప్పై ఏళ్ళుగా ఆయన మునిసిపల్ వర్క్‌షాపులో మేస్త్రీ. చేతిలో పానా, భుజాన మసిగుడ్డ, నోట్లో నల్లవక్క. రోడ్డుకు అడ్డంగా వదిలేసిన కార్లను హుక్కు తగిలించి ఎత్తుకెళ్ళే బండి కూడా ఆయనదే. ఊళ్ళో ఆయన్ని తిట్టుకోని కారు యజమాని లేడు. కానీ అబ్బులు ఎత్తుకెళ్ళిన బండికి గీత పడిందని అన్నవాడు కూడా లేడు.

కొత్త బిచ్చగాడు పొద్దెరగడని సామెత. కమిషనరు విశ్వంభరం గారు కొత్తవారేం కాదు, మూడేళ్ళుగా ఉన్నవారే. కొత్తదల్లా ఆయన ఉత్సాహం. ఆయన్ని ఎక్కడో కొండమీది హోటల్లో అయిదు రోజుల శిక్షణకు పంపించారు. అక్కడ ఎవరో మహానుభావుడు అధికారులందరినీ కళ్ళు మూసుకుని ముందుకు నడవమన్నాడట. నలుగురు ఈతకొలనులో పడ్డారు. విశ్వంభరం గారు మాత్రం పడకుండా అవతలి గోడ దాకా వెళ్ళారు. ప్రగతి అంటే ఒక దిశ అనే సత్యం ఆ గోడ దగ్గరే ఆయనకు బోధపడింది.

తిరిగొచ్చిన మర్నాడే పురోగమన పక్షం ప్రకటించారు. సర్క్యులరు ఇలా ఉంది: "పురపాలక సంఘ పరిధిలో ఏ వాహనమూ, ఏ సిబ్బందీ, ఏ దస్త్రమూ వెనుకకు పోరాదని ఇందుమూలముగా తెలియజేయడమైనది. వెనుకకు పోవుట ప్రగతి నిరోధక చర్యగా పరిగణించబడును." మొదట అది ఆఫీసు వరకే అనుకున్నారు. వారం తిరక్కుండా ఊళ్ళోని బండ్లన్నింటికీ వర్తింపజేశారు. పదిహేను రోజులు పూర్తయ్యాక పక్షాన్ని ఆపాలి కదా అని ఎవరో గుర్తుచేశారు. ఆపడమంటే వెనకడుగు వేయడమే కదా అన్నారు కమిషనరు. అందుచేత పక్షం ఆగలేదు.

ఫలితాలు వెంటనే కనిపించాయి. చెత్తలారీలు సందుల్లోకి వెళ్తే రివర్సు చేసుకుని రావాలి కనుక సందుల్లోకి వెళ్ళడం మానేశాయి. రోడ్డు రోలరు అనేది ముందుకీ వెనక్కీ తిరిగితేనే రోలరు. అది మెయిన్ రోడ్డు మీద ముందుకు బయల్దేరి, కొత్త కంకరమీద ఒక్కసారి దొర్లి, ఊరిపొలిమేర దాకా పోయి ఆగింది. మళ్ళీ ఆ కంకర దగ్గరికి రావాలంటే ఊరంతా చుట్టి రావాలి. రోజుకి రెండుసార్లు వచ్చేది. ఫైళ్ళను వివరణ కోరుతూ వెనక్కి పంపడం కుదరదు కాబట్టి, పక్క బల్లకీ ఆ పక్క బల్లకీ జరుగుతూ పోయి చివర కిటికీ దగ్గర పేరుకున్నాయి. కమిషనరు గదిలోంచి వంగి వంగి వెనక్కి నడుస్తూ బయటికి పోయే బంట్రోతు, ఇప్పుడు ఆయనకు వీపు చూపించి దర్జాగా ముందుకు నడిచి పోతున్నాడు. అది ఆయనకు గుచ్చుకుంది గానీ పైకి అనడానికి వీల్లేదు.

అబ్బులు ఇవన్నీ చూసి నవ్వుకున్నాడు. నవ్వు ఎదుటివాడి ఇంట్లో ఉన్నంతసేపే నవ్వు.

ఒకనాడు కమిషనరు గారి కారు అబ్బులు బండి వెనకాల వెళ్ళాల్సి వచ్చింది. హుక్కుకి ఒక పాత కారు వేలాడుతోంది. వెనక చక్రాలు గాల్లో, ముందు చక్రాలు నేలమీద. అంటే ఆ కారు ముఖం సరిగ్గా కమిషనరు గారి ముఖానికి ఎదురుగా ఉంది. రెండు దీపాలూ ఆయన్నే గుడ్లప్పగించి చూస్తున్నాయి. ఆయన హారను కొట్టించి బండి ఆపించారు.

"ఏమిటయ్యా ఇది? ఆ కారు నన్నే చూస్తూ వెనక్కి పోతోంది!"

"ముందుకే పోతందండి. ఎత్తింది వెనకనుంచండి," అన్నాడు అబ్బులు, మసిగుడ్డతో చేతులు తుడుచుకుంటూ. "ఇది వెనక చక్రాలు లాగే బండండి. ముందునుంచెత్తామనుకోండి, వెనక చక్రాలు నేలమీద తిరుగుతాయండి. అయి తిరిగితే కిందున్న పొడుగు షాఫ్టు తిరుగుద్దండి. అది పోయి గేర్‌బాక్సుని తిప్పుద్దండి. ఇంజను ఆగిపోయుంటాది కాబట్టి లోపల ఆయిలు సరిగ్గా ఎక్కదండి. ఎండిపోయి అరిగిపోద్దండి. అదే గేర్లో ఉండిపోయిందనుకోండి, పళ్ళు రాలిపోతాయండి. అందుకని దీన్ని వెనకనుంచెత్తి, స్టీరింగు కదలకుండా కట్టేసి తోలుకెళ్తామండి. ముందు చక్రాలు లాగే బండైతే ముందునుంచే ఎత్తుతామండి. ఏ చక్రాలు లాగితే ఆ చక్రాలు పైకండి. ఆయ్, అంతేనండి."

కమిషనరు గారు ఓపిగ్గా విన్నారు. శిక్షణలో వినడం గురించి కూడా ఒక పూట చెప్పారు.

"అబ్బులూ, నువ్వు చెప్పేది టెక్నికల్. నేను చెప్పేది విజన్. పౌరుడు రోడ్డు మీద నిలబడి చూస్తాడు. మునిసిపాలిటీ బండి ఒక కారుని తోక పట్టుకుని ఈడ్చుకుపోతూ ఉంటుంది. అతని మైండులో ఏం ముద్ర పడుతుంది? మనం వెనక్కి పోతున్నామని పడుతుంది. గేర్‌బాక్సు ఒక కారుకి సంబంధించినది. ముద్ర మొత్తం పట్టణానికి సంబంధించినది."

"ముద్ర సంగతి నాకు తెలీదండి. గేర్లు మటుకు పోతాయండి."

"పోవు. అవి కూడా ముందుకే తిరుగుతాయి," అన్నారు కమిషనరు గారు. ఎద్దు ఈనిందంటే దూడను కట్టేయమన్నట్టు, పక్కనున్న ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు చయనులు గారు ఆ ముక్కను డైరీలో రాసుకున్నారు.

మర్నాడు మెమో వచ్చింది. అన్ని వాహనాలనూ ముందు భాగము నుండియే ఎత్తవలెను. అదీకాక, పట్టుకొచ్చిన కార్లు ఉంచే యార్డు మార్కెట్టుకి రెండు కిలోమీటర్లే అయినా, దాని గేటులోకి పోవాలంటే ఒక మలుపు దగ్గర బండిని కొంచెం వెనక్కి తియ్యాలి. అది నిషేధం కనుక బైపాసు చుట్టి పదకొండు కిలోమీటర్లు తిరిగి పోవాలి. వెనక చక్రాలు లాగే కారుకి చావు రాసిపెట్టాలంటే ఇంతకంటే శ్రద్ధగా ఎవరూ రాయలేరు.

మొదటి వారంలో మూడు బండ్లు పోయాయి. ఒక బడి కరస్పాండెంటు గారి జీపు యార్డు చేరేసరికి కింద నుంచి కాలిన వాసన వచ్చింది. ఒక ఇటుకబట్టీ ఆసామి వ్యాను గేరు వేస్తే రాళ్ళు నమిలినట్టు శబ్దం చేసింది. యజమానులు గొడవకొస్తే యార్డు సూపరింటెండెంట్ కనకవల్లి గారు ముందే అచ్చువేయించి పెట్టుకున్న కాగితం తీసేవారు. "తరలింపునకు పూర్వమే సదరు గేర్‌బాక్సు పురోగమనమునకు సహకరించు స్థితిలో లేదని ధ్రువీకరించడమైనది." కింద మేస్త్రీ సంతకం. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, తప్పంతా గేర్‌బాక్సుది. అబ్బులు మూడుసార్లూ సంతకం పెట్టాడు. మూడోసారి సంతకం పెట్టి బయటికొచ్చి పంపు దగ్గర చేతులు కడుక్కున్నాడు. చాలాసేపు కడుక్కున్నాడు. ముప్పై ఏళ్ళలో తన చేతులు చూసి తనకు సిగ్గేసింది అదే మొదటిసారి.

ఇక్కడ మాణిక్యం గురించి చెప్పాలి. మాణిక్యం అబ్బులు అక్క. మొగుడు పోయాక తమ్ముడి ఇంట్లోనే ఉంటోంది. రెండేళ్ళ కిందట ఆమెకు రెండు కిడ్నీలూ పనిచేయడం మానేశాయి. సోమ, బుధ, శుక్రవారాలు జిల్లా కేంద్రంలో ఆస్పత్రికి వెళ్ళి, నాలుగు గంటలు మంచం మీద పడుకుని, రక్తం కడిగించుకుని రావాలి. ముప్పై కిలోమీటర్లు. బస్సులో ఒకసారి వెళ్ళి స్పృహ తప్పింది. టాక్సీవాళ్ళు ఆస్పత్రి వాసన సీట్లకు పడుతుందని రామన్నారు. వస్తానన్నవాడు నూకరాజు ఒక్కడే. అతనిదొక తెల్ల అంబాసిడర్. నూకరాజు కంటే అయిదేళ్ళే చిన్నది. మాణిక్యాన్నీ, అదే జబ్బుతో ఉన్న రిటైరైన పోస్టుమాస్టరు గారినీ అందులో తీసుకెళ్ళి తీసుకొస్తాడు. రెండేళ్ళలో ఒక్క రోజు మానలేదు. ఆ కారు గేర్‌బాక్సు పోతే దానికి ఇంకొకటి దొరకదు. తయారుచేయడం ఎప్పుడో ఆపేశారు. దొరకకపోతే మాణిక్యానికి శుక్రవారం లేదు. అబ్బులుకి ఈ లెక్క బాగా తెలుసు.

అందుకే ఆ గురువారం మధ్యాహ్నం మార్కెట్టు సెంటర్లో, మందుల షాపు ముందు, తెల్లగీత మీద రెండు చక్రాలు వేసి నిలబడి ఉన్న అంబాసిడర్‌ను చూడగానే ఆయన నోట్లో వక్క నమలడం మర్చిపోయాడు. పక్కనే కమిషనరు గారు, చయనులు గారు, ఫోటో తీసేవాడు. పురోగమన తనిఖీ జరుగుతోంది.

"దీన్ని ఎత్తండి," అన్నారు కమిషనరు గారు. చయనులు గారు పుస్తకంలో నంబరు రాసేశారు.

నూకరాజు షాపులోంచి మందుల పొట్లం పట్టుకుని పరిగెత్తుకొచ్చాడు. "అయ్యగారండి, అయ్యగారండి! రేపటికి అక్కగారి ఇంజెక్షన్లండి! అరనిమిషం. తీసేత్తానండి!"

"బుక్కులో రాశాం. రాసినదాన్ని వెనక్కి తీసుకోవడం అనే పద్ధతి ఇప్పుడు లేదు," అన్నారు కమిషనరు గారు దయగా.

అబ్బులు కారు కిందికి వంగి చూశాడు. చూడక్కర్లేదు, ఆయనకు తెలుసు. ఆ ముసలి బండికి హ్యాండ్‌బ్రేకు తీగ సాగిపోయి ఏళ్ళయింది. అందుకే నూకరాజు ఎక్కడ ఆపినా ఫస్టుగేరులో వేసి తాళం వేస్తాడు. ఇప్పుడు దాన్ని ముందునుంచి ఎత్తి పదకొండు కిలోమీటర్లు ఈడిస్తే యార్డులోకి వెళ్ళేది కారు కాదు, ఇనప తుక్కు.

"తాళం ఇమ్మనండి సార్, నూట్రల్లో పడేత్తాను," అన్నాడు అబ్బులు.

"స్వాధీనమైన వాహనములోనికి ప్రవేశము నిషిద్ధము," అన్నారు చయనులు గారు.

"పోనీ కిందకి దూరి నాలుగు బోల్టులు ఇప్పి షాఫ్టు దించేత్తానండి. అప్పుడు చక్రాలు ఎంత తిరిగినా గేర్‌బాక్సు జోలికి రావండి. పావుగంట."

"పౌరుని ఆస్తిని విడదీయుటకు మనకు అధికారము లేదు. కలపడానికే ఉన్నాం," అన్నారు కమిషనరు గారు. ఫోటోవాడు ఆ మాట దగ్గర ఫోటో తీశాడు.

"అయితే వెనకనుంచి ఎత్తనివ్వండి."

"అబ్బులూ!"

అబ్బులు హుక్కు గొలుసుని నేలమీద పడేశాడు. పెద్ద చప్పుడయింది. మార్కెట్టులో కూరగాయలు బేరమాడేవాళ్ళు కూడా ఇటు తిరిగారు.

"నేనెత్తనండి," అన్నాడు. "మూడు బండ్లు సంపేసి సంతకాలు పెట్టానండి. ఇది మా అక్క పేణమండి. ఉజ్జోగం తీసేత్తే తీసెయ్యండి."

ముప్పై ఏళ్ళలో అబ్బులు కాదన్నది లేదు. కమిషనరు గారు చయనులు గారి వైపు చూశారు. శిక్షణలో ఎవరూ ఎదురు చెప్పలేదు. వేరే మేస్త్రీ లేడు. బండి అక్కడే వదిలేసి పోదామంటే అది వెనకడుగు. జనం మూగుతున్నారు. ఫోటోవాడు ఎటు తిప్పాలో తెలీక కెమెరా కిందికి దించాడు. చయనులు గారికి భోజనం వేళ మించిపోతోంది. ఆయన సుగరు మనిషి. ఆకలి వేస్తే ఆయన బుర్ర పాదరసంలా పనిచేస్తుంది.

"సార్," అన్నారాయన గొంతు సవరించుకుని. "మెమోలో ముందు భాగము నుండి ఎత్తవలెనని ఉంది. కానీ ముందు భాగమంటే ఏదో మనం ఎక్కడా నిర్వచించలేదు. ప్రయాణ సమయమున ఏ భాగము ముందుగా పోవునో అదియే ముందు భాగమని భావించవచ్చును కదా. సదరు వాహనము యొక్క వెనుక భాగమును తాత్కాలికముగా ముందు భాగముగా ప్రకటించినచో, అబ్బులు వెనుకనుంచి ఎత్తినా సరే, అది ముందునుంచి ఎత్తినట్లే."

కమిషనరు గారి ముఖం వెలిగింది. "అంటే ఇప్పుడు కారు ముందుకే పోతుంది?"

"ఎటు పోయినా ముందుకే సార్."

అక్కడే, మందుల షాపు బల్లమీద, అభిముఖ నిర్ధారణ ధ్రువపత్రం పుట్టింది. చయనులు గారు చెప్తుంటే షాపు గుమస్తా రాశాడు. కమిషనరు గారు సంతకం చేశారు. మందుల అట్టపెట్టె చింపి "ఇది ముందు" అని పెద్ద అక్షరాలతో రాసి డిక్కీకి దారంతో కట్టారు. అబ్బులు వెనక చక్రాలకు పట్టీలు వేసి, పైకెత్తి, స్టీరింగు తాడుతో బిగించి, బండి కదిలించాడు. అంబాసిడర్ పదకొండు కిలోమీటర్లూ హాయిగా పోయింది. గేరు పన్ను ఒక్కటి కూడా కదల్లేదు. ఆ రోజుకి అంతకంటే ఏం కావాలని అబ్బులు అనుకున్నాడు. ఏం కావాలో సాయంత్రం తెలిసింది.

సాయంత్రం నూకరాజు జరిమానా కట్టి విడుదల కాగితం కోసం నిలబడ్డాడు. కనకవల్లి గారు ధ్రువపత్రం తిరగేసి చూసి కళ్ళజోడు సవరించుకున్నారు. ఆవిడ చెడ్డమనిషి కాదు. కాగితంలో ఏముంటే అది నమ్ముతారు, అంతే.

"చూడు నాయనా, మా రికార్డు ప్రకారం నీ బండికి డిక్కీ వైపు ముందు. నువ్వు బానెట్టు వైపుకి నడిపావంటే వెనక్కి నడిపినట్టు. పట్టుకుంటారు."

"పోనీ డిక్కీ వైపుకే నడుపుతానండి."

"అది రివర్సు గేరు. రివర్సు గేరు నిషేధం."

నూకరాజు కారు డిక్కీ వైపూ బానెట్టు వైపూ చూశాడు. "మరెటు నడపాలండి?"

"నడిపే సంగతి మాకు తెలీదు. మాది విడుదల చేసే సెక్షను," అన్నారావిడ సానుభూతితో. "పునరభిముఖీకరణకి, అంటే బానెట్టునే మళ్ళీ ముందు చెయ్యమని, దరఖాస్తు పెట్టుకో. కమిటీ మంగళవారం కూర్చుంటుంది."

నూకరాజు ధైర్యం చేసి కారు గేటు బయటికి తీశాడు. పది గజాలు పోయాడో లేదో ట్రాఫిక్ కానిస్టేబులు ఆపాడు. అతని చేతిలో అప్పటికే జాబితా ఉంది. జాబితాలో ఉన్నది ఒక్క బండే కాబట్టి అతను దాన్ని పొరపాటు పడకుండా పట్టుకోగలిగాడు. కారు అక్కడే రోడ్డు పక్కన నిలిచిపోయింది.

ఇంట్లో మాణిక్యం మంచం మీద కూర్చుని ఉంది. పాదాలు అప్పటికే ఉబ్బాయి. ఒక్క వాయిదా తప్పితే ఊపిరితిత్తుల్లోకి నీళ్ళు వస్తాయని డాక్టరు చెప్పి ఉన్నాడు. తమ్ముడు చెప్పిందంతా విన్నది.

"మంగళవారం దాకానా?"

"అవునక్కా."

"అప్పటిదాకా నా ఒంట్లో నీళ్ళు ముందుకెళ్ళకుండా ఆగుతాయేమో ఆ కమిటీనే అడిగిరారా," అంది. తర్వాత పక్కకి తిరిగి పడుకుంది. ఆమెకు భయం వేస్తోందని అబ్బులుకి తెలిసింది. చిన్నప్పుడు తనకు జ్వరమొస్తే రాత్రంతా తడిగుడ్డ వేసిన చెయ్యి అది. ఇప్పుడు దుప్పటి అంచు పట్టుకుని ఉంది.

అబ్బులు గుమ్మంలో కూర్చుని తెల్లకాగితం మీద కారు బొమ్మ గీశాడు. కారు తనంతట తాను ఎటు కదిలినా నేరమే. ముందుకు పోతే వెనక్కి, వెనక్కి పోతే రివర్సు. అడకత్తెరలో పోకచెక్క. బొమ్మని అటూ ఇటూ తిప్పి చూశాడు. అప్పుడు తట్టింది. కారు తానుగా కదలకూడదు గానీ, దాన్ని ఇంకొకరు ఈడ్చుకుపోతే ఏ అభ్యంతరమూ లేదు. పైగా ఈడ్చుకుపోయేటప్పుడు ఏ భాగం ముందుండాలో కమిషనరు గారే సంతకం చేసి ఇచ్చారు.

శుక్రవారం ఉదయం ఆరున్నరకి, అబ్బులు బండి హుక్కుకి వేలాడుతూ, అంబాసిడర్ మార్కెట్టు సెంటరు గుండా బయల్దేరింది. వెనక చక్రాలు గాల్లో, ముఖం వెనక్కి, డిక్కీకి "ఇది ముందు" బోర్డు. లోపల వెనక సీట్లో మాణిక్యం, పోస్టుమాస్టరు గారు. సీటు ఎత్తుగా లేచి ఉండటం వల్ల ఇద్దరూ ముందు సీటు గట్టిగా పట్టుకుని కూర్చున్నారు. నూకరాజు స్టీరింగు ముందు కూర్చున్నాడు. స్టీరింగు కట్టేసి ఉంది కనుక అతనికి పని లేదు. కానీ సొంతకారులో ఊరికే కూర్చోవడం చేతకాక, కట్టేసిన చక్రాన్నే పట్టుకున్నాడు.

కానిస్టేబులు ఎదురొచ్చి బండి ఆపాడు. జాబితా చూశాడు. బోర్డు చూశాడు. ధ్రువపత్రం చదివాడు. కారు చుట్టూ రెండుసార్లు తిరిగాడు. ఆఖరికి సెల్యూట్ కొట్టి పక్కకి జరిగాడు.

"ఊరు మనల్ని వదిలేసి పోతన్నట్టుందండి," అంది మాణిక్యం, అద్దంలోంచి దూరమైపోతున్న దుకాణాలు చూస్తూ.

"నలభై ఏళ్ళు ఉత్తరాలకి ముద్రలు కొట్టి పంపించానమ్మా," అన్నారు పోస్టుమాస్టరు గారు. "ఇలా నన్నే ఎవరో పంపిస్తారనుకోలేదు."

సరిగ్గా క్లాక్ టవరు దగ్గర కమిషనరు గారు ఉదయం నడకలో ఎదురయ్యారు. అబ్బులు బ్రేకు వేశాడు. కమిషనరు గారు కారునీ, బోర్డునీ, గాల్లో తేలుతున్న రోగులనూ మార్చి మార్చి చూశారు. ఆయన కళ్ళు చెమ్మగిల్లాయి.

"ఇది... ఇది మన పత్రమే కదా?"

"ఆయ్. తమరి సంతకమేనండి."

"ప్రజలు దీన్ని ఇంత త్వరగా అందిపుచ్చుకుంటారనుకోలేదు," అన్నారాయన. ఫోటోవాడి కోసం ఫోను చేశారు. అతను వచ్చేదాకా ఇరవై నిమిషాలు మాణిక్యం గాల్లోనే ఉంది. గంటన్నర ప్రయాణం తర్వాత ఆస్పత్రిలో నర్సు ఆలస్యమైందని కసిరింది గానీ మంచం ఇచ్చింది. మాణిక్యం చేతికి గొట్టాలు తగిలించాక అబ్బులు వరండాలో గోడకి ఆనుకుని ఏడ్చాడు. ఎవరూ చూడలేదు.

మంగళవారం కమిటీ కూర్చుంది. నూకరాజు దరఖాస్తు పరిశీలించింది. అప్పటికే పేపర్లో ఫోటో వచ్చింది. పథకానికి ఆరోగ్య పురోగమన రథం అని పేరు కూడా పెట్టారు. ఇప్పుడు ధ్రువపత్రం రద్దు చేయడమంటే పథకాన్ని వెనక్కి తీసుకోవడమే అని చయనులు గారు అభిప్రాయపడ్డారు. తీర్మానం ఏకగ్రీవం. సదరు వాహనము యొక్క వెనుక భాగము శాశ్వతముగా ముందు భాగముగా కొనసాగును. నూకరాజును గౌరవ రథసారథిగా నియమించి కండువా కప్పారు.

నాలుగు నెలలు అలాగే నడిచింది. సోమ, బుధ, శుక్రవారాలు. మునిసిపాలిటీ వార్షిక నివేదికలో ఒక వాక్యం ఎక్కింది: "అభిముఖ నిర్ధారణ విధానమున జరిగిన తరలింపులలో ఒక్క గేర్‌బాక్సునకు సైతము హాని వాటిల్లలేదు." అది అక్షరాలా నిజం. అంబాసిడర్ గేర్‌బాక్సు కొత్త పెళ్ళికూతురిలా ఉంది. నాలుగు నెలలుగా దాన్ని ఎవరూ తాకలేదు మరి.

మాణిక్యానికి మాత్రం కళ్ళు తిరిగేవి. వెళ్ళేటప్పుడు ఫరవాలేదు. రక్తం కడిగాక ఒంట్లో సత్తువ ఉండదు. అప్పుడు వెనక్కి చూస్తూ, ఒళ్ళు ఏటవాలుగా వేలాడుతూ ముప్పై కిలోమీటర్లు రావాలి. కొంగు నోటికి అడ్డం పెట్టుకునేది. మూడుసార్లు బండి ఆపించి రోడ్డు పక్కన వాంతి చేసుకుంది. ఎవర్నీ ఏమీ అనేది కాదు.

ఒక బుధవారం ఉదయం బండెక్కబోతూ తమ్ముడి చెయ్యి పట్టుకుంది.

"ఒరే అబ్బులూ."

"ఏటక్కా?"

"ఎన్నాళ్ళుంటానో తెలీదురా. రెండేళ్ళబట్టీ ఈ దారిలో పోతన్నాను. కానీ ఈ నాలుగు నెలలబట్టీ ఎదర ఏం వత్తందో ఒక్కసారి కూడా చూడలేదురా. పోయినవే చూత్తన్నాను. ఒక్కసారి ఎదరకి చూత్తా పోవాలనుందిరా నాకు."

అబ్బులు ఆమెను కారెక్కించాడు. బండి తోలాడు. కానిస్టేబులు సెల్యూట్ కొట్టాడు. క్లాక్ టవరు, బైపాసు, కొబ్బరితోటలు దాటాయి. ఊరు అయిపోయేచోట పెదలంకపురం పురపాలక సంఘం మీకు వీడ్కోలు పలుకుతోంది అని ఆకుపచ్చ బోర్డు ఉంటుంది. దానికి అవతలున్న మర్రివాడ పంచాయతీకి ఇప్పటివరకూ ఎవరూ శిక్షణ ఇవ్వలేదు. బోర్డు దాటి నాలుగు బారలు పోయాక అబ్బులు బండి ఆపాడు. దిగి, గొలుసు దించి, పట్టీలు విప్పాడు. అంబాసిడర్ వెనక చక్రాలు నేలకి తాకాయి. స్టీరింగు తాడు విప్పాడు. డిక్కీకున్న అట్టముక్క తీసి తన సీటు కింద పెట్టుకున్నాడు.

"స్టార్ట్ చెయ్యరా," అన్నాడు.

నూకరాజు తాళం తిప్పాడు. ఇంజను రెండుసార్లు దగ్గింది, మూడోసారి అందుకుంది. ఫస్టుగేరు వేస్తే నేతిలో కత్తి దిగినట్టు పడింది. కారు రోడ్డు మధ్యలో నెమ్మదిగా తిరిగి జిల్లా కేంద్రం వైపు ముఖం పెట్టింది. మాణిక్యం డోరు తీసుకుని దిగి, పట్టుకుంటానన్న తమ్ముణ్ణి కాదని తానే నడిచి, ముందు సీట్లో కూర్చుంది. పోస్టుమాస్టరు గారు వెనక సీట్లో కిటికీ అద్దం దించుకున్నారు. ఆమె ఒళ్ళో చేతులు పెట్టుకుని ఎదురుగా రోడ్డు చూస్తోంది. రోడ్డు మీద ఏమీ లేదు. ఒక గేదె, ఒక సైకిలు, ఎండ.

"పోనీ నాయనా," అంది నూకరాజుతో.

కారు వంతెన ఎక్కి, దిగి, కనిపించకుండా పోయింది. సాయంత్రం వాళ్ళు తిరిగొచ్చేదాకా అబ్బులు ఆకుపచ్చ బోర్డు కింద గొలుసు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. ఊళ్ళోకి రావాలంటే మళ్ళీ ముఖం వెనక్కి తిప్పాలి కదా.